గ్రహాల దారి కనిపెట్టిన కెప్లర్.. తల్లిని మంత్రగత్తె అన్న కోర్టుతో ఎలా పోరాడారంటే?

1620 ఆగస్టు 7. జర్మనీలోని ఒక ఇంటికి రాత్రివేళ అధికారుల మనుషులు వచ్చారు. కూతురి ఇంట్లో ఉంటున్న, 70 ఏళ్లు దాటిన ఒక ముసలామెను పట్టుకుని, బట్టలు దాచుకునే చెక్కపెట్టెలో పెట్టి బయటకు మోసుకెళ్లారు. ఇరుగుపొరుగుకి తెలియకూడదని అలా చేశారట. ఇంతకీ ఆమె మీద ఉన్న ఆరోపణ ఏంటో తెలుసా? మంత్రగత్తె అని!

ఆమె పేరు కేథరీనా. ఆమె పెద్దకొడుకు అప్పటికే యూరప్ మొత్తానికి తెలిసిన మనిషి. చక్రవర్తి ఆస్థానంలో గణిత శాస్త్రవేత్త. గ్రహాలు సూర్యుడి చుట్టూ ఏ దారిలో తిరుగుతాయో మనిషి చరిత్రలో మొదటిసారి సరిగ్గా చెప్పింది ఆయనే. పేరు యోహానెస్ కెప్లర్.

స్కూల్లో భౌతికశాస్త్రం చదివిన వాళ్లందరికీ కెప్లర్ నియమాలు గుర్తుంటాయి. మూడు నియమాలు, మూడు మార్కులు. కానీ ఆ నియమాల వెనకున్న మనిషి కథ మాత్రం పుస్తకంలో ఉండదు.

కెప్లర్ 1571 డిసెంబర్ 27న వైల్ డెర్ స్టాట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఇప్పటి స్టుట్‌గార్ట్ నగరానికి దగ్గర్లో ఉంటుంది. నెలలు నిండకుండానే పుట్టిన బిడ్డ. చిన్నప్పుడే మశూచి సోకి చూపు దెబ్బతింది, చేతులు కూడా సరిగ్గా స్వాధీనంలో లేకుండా పోయాయి. తండ్రి కిరాయి సైనికుడు. ఎక్కడ యుద్ధం జరిగితే అక్కడికి వెళ్లిపోయేవాడు. చివరికి ఒకసారి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. ఇల్లు నెట్టుకొచ్చింది తల్లే. పొలం పని, పశువుల పని, దాంతోపాటు మూలికలు నూరి మందులివ్వడం కూడా ఆమెకు అలవాటు.

1577లో ఆకాశంలో ఒక పెద్ద తోకచుక్క కనిపించింది. కేథరీనా ఆరేళ్ల కొడుకును ఎత్తైన చోటికి తీసుకెళ్లి దాన్ని చూపించింది. పెద్దయ్యాక కూడా కెప్లర్ ఆ రాత్రిని మర్చిపోలేదు. చూపు సరిగ్గా లేని పిల్లాడికి ఆకాశాన్ని మొదట పరిచయం చేసింది తల్లే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

చదువులో చురుకు కాబట్టి స్కాలర్‌షిప్ మీద ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చర్చిలో పాస్టర్ కావాలన్నది ఆయన కోరిక. అక్కడ మేస్ట్లిన్ అనే గురువు దగ్గర కోపర్నికస్ సిద్ధాంతం విన్నారు. భూమి చుట్టూ సూర్యుడు తిరగడం లేదు, సూర్యుడి చుట్టూనే భూమి తిరుగుతోందన్న మాట అది. వినగానే బుర్రకెక్కింది. ఇంతలో 1594లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో లెక్కల టీచర్ పోస్టు ఖాళీ అయ్యిందని, వెళ్లమని పంపించేశారు. పాస్టర్ కల అక్కడితో ఆగిపోయింది.

ఆ ఉద్యోగంలో ఇంకో పని కూడా ఉంది. ఏటా పంచాంగం తయారు చేయాలి. మన దగ్గర ఉగాదికి పంచాంగ శ్రవణం ఉంటుంది కదా, దాదాపు అలాంటిదే. వానలెలా ఉంటాయి, చలి ఎంత, యుద్ధాలొస్తాయా అన్నీ రాయాలి. 1595 పంచాంగంలో చలి బాగా ఉంటుందని, తుర్కుల దాడి జరుగుతుందని రాశారు. రెండూ నిజమయ్యాయి! ఊళ్లో పేరు మార్మోగిపోయింది. నిజానికి అప్పట్లో చలి, తుర్కుల దాడి ఊహించడానికి నక్షత్రాలు చూడాల్సిన అవసరం పెద్దగా లేదు. జాతకాల మీద ఆయనకు అనుమానాలు ఉండేవి, పూర్తిగా కొట్టిపారేసిందీ లేదు. జీతం సమయానికి అందని రోజుల్లో జాతకాలే ఇల్లు నడిపాయి.

గ్రాజ్‌లో మతం గొడవలు ముదిరాయి. కెప్లర్ ప్రొటెస్టెంట్. మతం మారతావా, ఊరు వదిలి వెళ్తావా అన్నారు. 1600లో ఆయన ఊరు వదిలారు. వెళ్లింది ప్రాగ్ నగరానికి, టైకో బ్రాహీ దగ్గరికి.

టైకో గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. డెన్మార్క్ జమీందారీ వంశం. కుర్రవయసులో కత్తియుద్ధంలో ముక్కు తెగిపోతే లోహపు ముక్కు అతికించుకుని తిరిగిన మనిషి. టెలిస్కోప్ ఇంకా పుట్టని కాలంలో, భారీ లోహపు, చెక్క పరికరాలతో ఒట్టి కంటితోనే 20 ఏళ్లకు పైగా గ్రహాల స్థానాలు రాసిపెట్టారు. అంత కచ్చితమైన లెక్కలు అప్పటికి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేవు. కానీ ఎవరికీ చూపించేవారు కాదు. కెప్లర్‌కి కూడా భోజనం దగ్గర కబుర్లలో ఒక్కో అంకె విదిల్చేవారు. ఇద్దరికీ పడేది కాదు, అలాగని ఒకరు లేకుండా ఇంకొకరికి గడిచేదీ కాదు. టైకో దగ్గర అంకెలున్నాయి, కెప్లర్ దగ్గర గణితం ఉంది.

1601 అక్టోబర్ 24న టైకో చనిపోయారు. వారసులు తేరుకునేలోపే ఆ నోటుపుస్తకాలను కెప్లర్ తన దగ్గర పెట్టేసుకున్నారు. ఆ సంగతి తర్వాత ఆయనే ఒప్పుకున్నారు కూడా. రెండు రోజులకే చక్రవర్తి రెండో రుడాల్ఫ్ ఆయన్ను ఆస్థాన గణిత శాస్త్రవేత్తగా నియమించారు.

ఎనిమిది రోజుల పందెం.. ఐదేళ్ల కుస్తీ

టైకో అప్పగించిన పని అంగారక గ్రహం. అన్నిట్లోకీ మొండి గ్రహం అదే. ఎవరు లెక్క కట్టినా తప్పించుకునేది. ఎనిమిది రోజుల్లో దీని సంగతి తేల్చేస్తానని కెప్లర్ తోటి ఉద్యోగితో పందెం కాశారు. పట్టింది ఐదేళ్లు!

అప్పట్లో అందరి నమ్మకం ఒక్కటే. ఆకాశంలో ఉన్నవి పవిత్రమైనవి కాబట్టి వాటి దారి గుండ్రంగానే ఉండాలి. కోపర్నికస్ కూడా వృత్తాలనే నమ్మారు, గెలీలియో చివరిదాకా వాటిని వదల్లేదు. కెప్లర్ కూడా వృత్తంతోనే మొదలుపెట్టారు. క్యాలిక్యులేటర్ లేదు, లాగరిథమ్ పట్టికలు కూడా ఇంకా రాలేదు. ఒకే లెక్కను దాదాపు 70 సార్లు మళ్లీ మళ్లీ చేశారు. చివరికి కుదిరింది. టైకో అంకెలకు దాదాపు సరిపోయింది.

దాదాపు. అసలు కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. వేరే రోజుల్లో తీసిన అంకెలతో సరిచూస్తే 8 నిమిషాల తేడా వచ్చింది. ఇది గడియారం నిమిషం కాదు, కోణం కొలత. ఒక డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం. ఆకాశంలో పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 30 నిమిషాలు. అంటే తేడా చందమామలో పావు వంతు. అంతే!

వేరేవాళ్లయితే చూసిన వాడిదే పొరపాటు అనుకుని సర్దేసేవారు. కెప్లర్ సర్దలేదు. ఎందుకంటే టైకో కొలతల్లో తప్పు ఒకటి రెండు నిమిషాలకు మించదని ఆయనకు తెలుసు. ఎనిమిది వచ్చిందంటే తప్పు టైకోది కాదు, తన సిద్ధాంతానిదే. ఏళ్ల తరబడి కష్టపడి కట్టిన లెక్కను తన చేత్తో తానే పక్కన పడేశారు.

మళ్లీ మొదలు. కోడిగుడ్డు ఆకారం పెట్టి చూశారు, కుదరలేదు. చివరికి 1605లో దొరికింది.. దీర్ఘవృత్తం. రెండు మేకులు కొట్టి, వాటి చుట్టూ వదులుగా దారపు ఉంగరం వేసి, అందులో చాక్‌పీసు పెట్టి బిగువుగా తిప్పితే వచ్చే ఆకారమే ఇది. సూర్యుడు మధ్యలో ఉండడు, ఒక మేకు ఉన్న చోట ఉంటాడు. అంగారకుడి దారి వృత్తం నుంచి ఎంత పక్కకు పోయిందో తెలుసా? పొడవుకీ వెడల్పుకీ తేడా అర శాతం కూడా లేదు. కాగితం మీద గీస్తే మీ కంటికీ నా కంటికీ గుండ్రంగానే కనిపిస్తుంది.

దాంతోపాటు ఇంకో సంగతి కూడా బయటపడింది. గ్రహం సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు వేగంగా పరుగెడుతుంది, దూరమైనప్పుడు నెమ్మదిస్తుంది. మన భూమి కూడా అంతే. జనవరి మొదట్లో సూర్యుడికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, జులై మొదట్లో సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మనకు చలి ఉన్నప్పుడే సూర్యుడికి దగ్గరగా ఉంటామన్నమాట. చలికీ ఎండకీ కారణం దూరం కాదు, భూమి వంపు.

ఈ రెండు నియమాలతో 1609లో పుస్తకం అచ్చయింది. ఆలస్యానికి కారణం టైకో వారసులతో తగాదా. ఆ నోటుపుస్తకాలు మావే అని వాళ్లు పట్టుబట్టారు.

1611 వచ్చేసరికి ఇంట్లో విషాదం. ఆరేళ్ల కొడుకు ఫ్రీడ్రిక్ మశూచితో చనిపోయాడు. అదే ఏడాది భార్య బార్బరా కూడా కన్నుమూశారు. ప్రాగ్‌లో సైనికుల అల్లర్లు, చక్రవర్తి రుడాల్ఫ్ బొహీమియా సింహాసనం వదులుకోవాల్సి వచ్చింది. కెప్లర్ పిల్లలతో లింజ్ నగరానికి మారారు. అక్కడ సుసన్నాను రెండో పెళ్లి చేసుకున్నారు. జీవితం కాస్త కుదుటపడుతోంది అనుకునే లోపే, 1615 చివర్లో అక్క కాదు, చెల్లెలు మార్గరెట్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మను ఊళ్లో మంత్రగత్తె అంటున్నారని.

ఒక చేదు మందు.. ఊరంతా పుకార్లు

కేథరీనా ఉండే ఊరు లియోన్‌బెర్గ్. అదే ఊళ్లో ఉర్సులా రైన్‌బోల్డ్ అనే ఆవిడకు కెప్లర్ తమ్ముడు క్రిస్టోఫ్‌తో గొడవైంది. తర్వాత ఆవిడ కొత్త మాట ఎత్తుకుంది. కొన్నేళ్ల కింద కేథరీనా ఇచ్చిన చేదు మందు తాగాకే తనకు జబ్బు చేసిందని. ఆవిడ సోదరుడు పలుకుబడి ఉన్నవాడు. ఊరి పాలనాధికారి ఐన్‌హార్న్‌తో కలిసి తాగి, ముసలామెను పిలిపించి, కత్తి చూపించి బెదిరించాడు. నువ్వే చేశావు, నువ్వే నయం చెయ్యి అని. కేథరీనా భయపడి ఒప్పుకోలేదు. పైగా వాళ్ల మీదే పరువు నష్టం కేసు వేసింది.

అదే పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. కత్తి దూసినప్పుడు పక్కనే ఉన్న అధికారే కేసు చూడాల్సిన అధికారి! వాయిదాల మీద వాయిదాలు. ఈలోగా ఊళ్లో ఒక్కొక్కరికీ ఒక్కో పాత కథ గుర్తుకొచ్చింది. ఆమె ఇచ్చింది తాగాకే కాళ్లు పడిపోయాయని స్కూలు మాస్టారు అన్నాడు. దారిలో ఆమె తగలగానే చేయి లాగేసిందని ఇటుకలు మోసే ఒక పిల్ల అంది. భయపడిన కేథరీనా అధికారికి వెండి గిన్నె ఇవ్వబోయింది. కేసు మూసేయడానికి లంచం ఇవ్వజూపిందని అది కూడా రికార్డులోకి ఎక్కింది.

కొంతకాలం కొడుకు ఆమెను లింజ్‌లో తన దగ్గర పెట్టుకున్నారు. ఆమె ఉండలేక సొంతూరికి వెళ్లిపోయింది. ఇక్కడ కెప్లర్ ఇంట్లో 1618 ఫిబ్రవరిలో పసికూతురు చనిపోయింది. ఆ పాపకు పెట్టుకున్న పేరు కూడా కేథరీనాయే. అదే ఏడాది మే 15న మూడో నియమం దొరికింది. సూర్యుడి నుంచి గ్రహం ఎంత దూరంలో ఉందో తెలిస్తే ఎన్నేళ్లకు ఒక చుట్టు తిరుగుతుందో చెప్పేయొచ్చు. గురుగ్రహం మనకంటే 5.2 రెట్లు దూరం. 5.2ను మూడుసార్లు హెచ్చవేస్తే సుమారు 140.6. గురుడి చుట్టు 11.86 ఏళ్లు, దాన్ని రెండుసార్లు హెచ్చవేసినా దాదాపు అంతే. సరిగ్గా ఎనిమిది రోజులకు ప్రాగ్‌లో 30 ఏళ్ల యుద్ధానికి నిప్పు రాజుకుంది.

కట్ చేస్తే.. 1620, ఆ చెక్కపెట్టె రాత్రి.

కేథరీనాను గ్యూగ్లింగెన్ అనే ఊళ్లో గొలుసులతో కట్టేసి ఉంచారు. కాపలాకి ఇద్దరు మనుషులు. వాళ్ల ఖర్చు, వాళ్లు కాల్చే కట్టెల ఖర్చు అంతా ముసలామె ఆస్తిలోంచే. పరువు పోతుందని క్రిస్టోఫ్ వెనక్కి తగ్గాడు. కెప్లర్ మాత్రం లింజ్‌లో పనులు ఆపేసి, యుద్ధం జరుగుతున్న దారుల్లో ప్రయాణం చేసి వచ్చారు. విచారణకు ముద్దాయి తన కొడుకు గణిత శాస్త్రవేత్తతో కలిసి హాజరైందని రాస్తూ, కోర్టు గుమాస్తా ఆ రాతలోనే విసుగు కూడా చూపించాడు.

అక్కడ కెప్లర్ చేసిన పని ప్రాగ్‌లో అంగారకుడి మీద చేసిన పనే. ఒక్కో సాక్ష్యాన్నీ విడదీశారు. ఎవరు ఎప్పుడు చెప్పారు, అంతకుముందు ఏం చెప్పారు, తేదీలు కలుస్తున్నాయా? ఉర్సులా ఆ పానీయానికి ముందు నుంచే జబ్బుతో మందులు వాడుతోందని చూపించారు. స్కూలు మాస్టారు బరువు మోస్తూ కాలువ దూకినప్పుడు దెబ్బతిన్నాడు. ఇటుకలు మోసే పిల్లకు చేయి లాగడానికి మంత్రం అక్కర్లేదు, ఇటుకలు చాలు. తండ్రి పుర్రెకు వెండి తొడుగు వేయించి గిన్నె చేయిద్దామని కేథరీనా ఒకప్పుడు కాటికాపరిని అడిగిన మాట నిజమే. అది పూర్వకాలపు ఆచారం గురించి విని అడిగిందే తప్ప చేతబడి కోసం కాదని వాదించారు. చివరి వాదన 128 పేజీలు. మంత్రగత్తెలే లేరని మాత్రం ఆయన ఎక్కడా అనలేదు. ఆ మాటంటే ఆ కాలంలో కేసు అక్కడే ఓడిపోయేవారు. ఈమె మంత్రగత్తె కాదని మాత్రమే నిరూపించారు. మన దగ్గర చేతబడి, బాణామతి నెపంతో దాడుల వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం కదా. ఆ కేసుల్లోనూ పుకారు ఇలాగే మొదలవుతుంది.. ఒక పాత గొడవ, ఒక జబ్బు, ఒంటరిగా ఉండే ఒక ముసలామె.

నేరుగా చిత్రహింస పెట్టొద్దు, పరికరాలు చూపించి భయపెట్టండి చాలు అని తీర్పు వచ్చింది. 1621 సెప్టెంబర్ 28న తలారి ఒక్కో పరికరాన్నీ చూపిస్తూ దేన్ని ఎలా వాడతారో ఆమెకు వివరించాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది. ఒంట్లో నరాలన్నీ లాగేసినా ఒప్పుకోవడానికి తన దగ్గర ఏమీ లేదంది. దాదాపు 14 నెలల తర్వాత విడుదల చేశారు. లియోన్‌బెర్గ్‌కి మాత్రం వెళ్లలేకపోయింది, వస్తే చంపేస్తామన్నారు అక్కడివాళ్లు. 1622 ఏప్రిల్‌లో చనిపోయింది.

కెప్లర్‌ను చివరిదాకా వదలని బాధ ఇంకొకటుంది. చాలా ఏళ్ల ముందు సరదాగా ఒక కథ రాశారు, పేరు సోమ్నియం, అంటే కల. చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి ఎలా కనిపిస్తుందో చెప్పే కథ. అందులో హీరో తల్లి మూలికలు అమ్ముతుంది, మంత్రంతో ఒక శక్తిని పిలుస్తుంది. చేతిరాత కాపీ ఒకటి బయటకు పొక్కి, మంగలి షాపుల్లో కూడా కబుర్లయ్యాయి. అమ్మ మీద పుకార్లకు ఆజ్యం పోసింది తన కథేనని కెప్లర్ నమ్మారు. ఆమె పోయాక, ఆ చిన్న కథకు 223 వివరణలు రాస్తూ కూర్చున్నారు. ఏ మాట ఎందుకు రాశానో, ఏది వెక్కిరింతో, ఏది సైన్సో.

1627లో టైకో అంకెల ఆధారంగా గ్రహాల పట్టికలు అచ్చేయించారు. 1631 నవంబర్ 7న బుధుడు సూర్యుడి ముందు నుంచి దాటిపోతాడని ముందే లెక్కగట్టి చెప్పారు. పారిస్‌లో గసెండీ అనే శాస్త్రవేత్త ఆ రోజు ఆ చిన్న నల్లచుక్కను కళ్లారా చూశారు. చూడటానికి కెప్లర్ మాత్రం లేరు. ఏళ్ల తరబడి రావాల్సిన జీతం బాకీల కోసం రేగెన్స్‌బర్గ్‌కి గుర్రం మీద వెళ్లి, జ్వరంతో 1630 నవంబర్ 15న అక్కడే కన్నుమూశారు. సమాధి ఉన్న శ్మశానం యుద్ధంలో ధ్వంసమైంది. అదెక్కడుందో ఇప్పుడెవరికీ తెలియదు.

2014 సెప్టెంబర్ 24న, శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ అంగారకుడి కక్ష్యలో చేరింది. ఒక చివర సుమారు 420 కిలోమీటర్ల ఎత్తు, మరో చివర దాదాపు 77 వేల కిలోమీటర్లు. బాగా సాగిన దీర్ఘవృత్తం. దగ్గరకొచ్చినప్పుడు వేగం, దూరమైతే నెమ్మది. ఏ గ్రహం దగ్గర కెప్లర్ ఐదేళ్లు కుస్తీ పట్టారో, అదే గ్రహం చుట్టూ ఆయన చెప్పినట్టే తిరిగింది.

ఇక ఆ కల కథ విషయానికొస్తే.. కెప్లర్ బతికుండగా అచ్చు పూర్తికాలేదు. పని అందుకున్న అల్లుడు కూడా ప్లేగుతో పోయాడు. భార్య సుసన్నా పిల్లలతో పేదరికంలో పడింది. చివరికి 1634లో పెద్దభార్య కొడుకు లుడ్విగ్ దాన్ని పూర్తి చేసి బయటకు తెచ్చాడు.. నాలుగు డబ్బులొస్తే సవతి తల్లికి ఆసరా అవుతుందని.